పాయింట్ల సందు

కందుకూరు పాతినుప కొట్లో
తూకానికి కొన్నాడు మా ఆయన దాన్ని.
సైలెన్సర్లు లేకుండా నూట ముప్ఫై కిలోలు.
జపాను బండంట.
టాంకీ మీద మాత్రం రాజ్‌దూత్ అనుంది.
కూరగాయల ఆటోలో తాళ్ళేసి కట్టుకొచ్చి
బాత్రూము గోడకి ఆనించాడు.
"నీళ్ళ డ్రమ్ము యాడ పెట్టేది?" అన్నా.
"దీనికి రెండు సిలిండర్లు" అన్నాడు.
అదే జవాబనుకున్నాడు.

చీమకుర్తి క్వారీలో పాలిషు పట్టే మనిషి.
నల్లరాయిలో చుక్కలు పైకి తేలేదాకా
రోజంతా గ్రైండరు.
ఇంటికొచ్చి కాళ్ళు కడక్కుండానే మళ్ళీ రుద్దుడు.
ఎరుపు కింద పసుపు, పసుపు కింద నలుపు,
నలుపు కింద ఎవరో కుంచెతో రాసుకున్న పేరు:
సలోమి.
అక్కడ ఆగాడు. ఆ రాత్రి అన్నం సరిగా తినలా.
మర్నాడు అదీ రుద్దేశాడు.
నాకు మనసొప్పలేదు గానీ
బండి నాది కాదు గదా.

పిస్టన్లు పట్టేసుకున్నాయి.
డీజిలూ కిరసనాయిలూ కలిపి పోసి
పొద్దూ మాపూ కొయ్యముక్కతో తట్టాడు
పాలు తాగిన పసిబిడ్డ వీపు తట్టినట్టు.
పదకొండోనాడు అర్ధరాత్రి లేపి చూపించాడు.
గోరంత కదిలింది.
గోరంతే.

ఫ్రిజ్జులో దోసెపిండి పక్కన బేరింగులు,
పొయ్యి మీద క్రాంకు కేసు.
రెండ్రోజులు పప్పంతా గ్రీజు వాసన.
ఆదివారాలు ఒంగోలు నుంచి సుభానీ తాత వచ్చేవాడు.
ఒకప్పుడు ఈ బండ్లు తప్ప వేరేవి ముట్టనోడు,
ఇప్పుడు చూపానదు.
స్టూలు మీద కూచుని
విప్పిన భాగాల్ని ఒళ్ళో పెట్టుకుని తడిమేవాడు.
"మాలకొండయ్యా, ఈ ఎడం కార్బరేటరు దొంగది,
కుడిదాని కష్టం తిని బతికింది ఇన్నేళ్ళూ."
నేను నవ్వా. నాకేసి చూళ్ళేదు ఇద్దరూ.

ఆఖరికి మిగిలింది పాయింట్ల సందు.
అది సరిగ్గా తెరుచుకుంటేనే నిప్పురవ్వ పుడుతుందంట.
"పోస్టుకార్డు మందం" అన్నాడు తాత.
ఉత్తరాలు రాసే కాలమా ఇది?
సూట్‌కేసు అడుగున ఒకటి దొరికింది,
మా పెద్దమ్మ చావు కబురు.
మా ఆయన సందులో పెట్టి లాగాడు.
మళ్ళీ పెట్టాడు. మళ్ళీ.
"తెలవడంలా" అన్నాడు.

ఇరవై రెండేళ్ళ గ్రైండరు అదురు.
చలికాలం పొద్దున్నే సున్నంలో ముంచినట్టుండే వేళ్ళు.
కాలే టీ గ్లాసుని అంతసేపు
ఎట్టా పట్టుకుంటాడో
నాకు అప్పుడర్థమైంది.

పెళ్ళికి ముందు ఆరు సీజన్లు
టంగుటూరు పొగాకు కంపెనీలో గ్రేడింగు చేశా.
కళ్ళు మూసుకుని చెప్పేదాన్ని
ఏది పైఆకో, ఏది అడుగాకో,
ఏది పొడైపోతుందో,
ఏది తేమ దాచుకుని బేలు మొత్తాన్ని బూజు పట్టిస్తుందో.
ఆ వేళ్ళకి మేస్త్రి ఒక్కనాడూ రూపాయి ఎక్కువివ్వలా.

"లెగు" అన్నా.
కొంగుకి చేతులు తుడుచుకుని కూచున్నా.
స్క్రూ వెంట్రుకంత తిప్పి కార్డు లాగా:
వదులు.
ఇంకొంచెం: బిగువు.
ఇంకో సగం వెంట్రుక వెనక్కి.
పట్టీ పట్టనట్టు జారింది,
ఆకు చిరక్కుండా ఈనె ఊడొచ్చేటప్పటి జారుడు.
అక్కడ బిగించా. రెండో జతా అంతే.
తాత ఏమీ అనలా.
తన స్టూలు నా పక్కకి జరుపుకున్నాడు.

మొదటి కిక్కు ఎదురుతన్ని పిక్క వాచింది.
రెండోది దగ్గు.
మూడోదానికి వీధి వీధంతా నీలంపొగ,
ఎదురింటి ఓబులమ్మ గేదె పలుపు తెంపుకుంది.
మా ఆయన టాంకీ మీద అరచెయ్యి పెట్టాడు.
చాల్లేదేమో, మోచెయ్యి ఆనించాడు.
ఆఖరికి ఒంగి
చెంప ఆనించి కళ్ళు మూసుకున్నాడు.

ఆపమని అరిచా.
వినపళ్ళా.
డ్రమ్ము ఇంకా వీధిలోనే ఉంది.